పెండింగ్ కేసు ఉందని ఆఫర్ రద్దు చేయడం న్యాయమేనా?

పల్నాడు అక్క
మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ ఆఫర్ ఇచ్చింది. పాత ఉద్యోగానికి రిజైన్ చేసి నోటీసు పీరియడ్ కూడా ముగించాడు. జాయినింగ్‌కి నాలుగు రోజుల ముందు మెయిల్ వచ్చింది, బీజీవీలో (ఉద్యోగంలో చేర్చుకునే ముందు చేసే నేపథ్య తనిఖీలో) కేసు తేలింది, ఆఫర్ రద్దు అని. ఆ కేసేంటంటే 2022లో ఊళ్లో గట్టు తగాదా. బాబాయి వాళ్లు ఇంటిల్లిపాదినీ ఎఫ్‌ఐఆర్‌లో రాయించారు. నాన్న ఏ1, అంటే మొదటి నిందితుడు, తమ్ముడు ఏ4. ఆ రోజు వాడు విజయవాడ హాస్టల్లో ఉన్నాడు, మర్నాడు సెమిస్టర్ పరీక్ష. ఐపీసీ 341, 323 సెక్షన్లు, అంటే దారి అడ్డగించడం, కొట్టడం. ఇప్పటికీ వాయిదాలే. శిక్ష పడని కేసుకి ఉద్యోగం పోవడం అన్యాయం అంటాను నేను. మీరేమంటారు?

హెచ్‌ఆర్ పదేళ్లు
బాధగానే ఉందండీ, కానీ మా వైపు నుంచీ చూడండి. బీజీవీ అంటే పోలీసులొచ్చి విచారిస్తారనుకుంటారు చాలామంది. మా దగ్గర ఎక్కువగా జరిగేది కోర్టు రికార్డు చెక్. ఏజెన్సీ తరఫు వకీలు కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో పేరు కొట్టి, తండ్రి పేరు, ఊరు సరిచూసి రిపోర్టు రాసిస్తాడు. పోలీసు వెరిఫికేషన్ వేరు. అది స్టేషన్ రికార్డులు చూసి ఇచ్చేది, రోజులు పడుతుంది, క్లయింటు పట్టుబడితేనే చేయిస్తాం. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) విదేశాలకెళ్లే వాళ్ల కోసం. ఇక అసలు సంగతి: కేసు కన్నా దాన్ని దాచడం పెద్ద తప్పు. క్లయింటు డేటా ఆ అబ్బాయి చేతిలో పెట్టాలి మరి.

పల్నాడు అక్క
ఆ ఫారం నా ఫోన్లోనే ఉంది. "మీకు ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా" అని అడిగారు. వాడు "లేదు" మీద టిక్ పెట్టాడు. పెండింగ్ కేసుల గురించి గడే లేదు. ఇందులో దాచిందేముంది?

హెచ్‌ఆర్ పదేళ్లు
అలాగైతే మీవాడి తప్పు లేదు. ఫారం రాసినవాళ్లది తప్పు.

నాంపల్లి వకీలు
ఈ తేడా చిన్నది కాదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది ఇదే: ఫారంలో స్పష్టంగా అడిగిన దానికే అభ్యర్థి బాధ్యుడు. చిన్న వయసులో జరిగిన చిన్న తగాదాలను యజమాని క్షమించవచ్చనీ అంది. అది సర్కారీ ఉద్యోగాల తీర్పు, ప్రైవేటు కంపెనీని నేరుగా కట్టిపడేయదు. కానీ న్యాయమేదో తెలుసుకోవడానికి కొలత పనికొస్తుంది.

ఇంకో సంగతి. పేరుతో వెతికితే పుట్టిన తేదీ కనపడదు. మన పేర్లు చూడండి, ఒకే మండలంలో ఒకే ఇంటిపేరుతో నలుగురు శ్రీనివాసరావులు, అందులో ఇద్దరి తండ్రులూ వెంకటేశ్వర్లే. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా. వేరేవాడి కేసు అంటగట్టిన రిపోర్టులు నేనే రెండు సరిచేయించాను. అందులో ఒకటి ముప్ఫై ఏళ్ల అబ్బాయికి అరవై దాటినాయన కేసు. ఛార్జిషీటులో వయసు చూసి ఉంటే అక్కడే ఆగేది. ఎవరూ తెరవలేదు.

కాకినాడ టీచర్
వకీలు గారూ, మీరు చెప్పేది ఐటీ ఉద్యోగానికి సరే. నేను చిన్న పిల్లల బడి నడుపుతున్నాను. వ్యాను డ్రైవరు మీద పోక్సో కేసు పెండింగ్‌లో ఉంటే, తీర్పు వచ్చేదాకా ఆగుదాం అని పిల్లల్ని ఎక్కించమంటారా? 2014 డిసెంబరులో ఢిల్లీలో క్యాబ్ డ్రైవరు అత్యాచారం చేసిన కేసు గుర్తుందా? అతని మీద అంతకుముందే కేసులున్నాయి. అతను చూపించిన పోలీసు సర్టిఫికెట్ నకిలీదని తర్వాత తేలింది. అప్పట్నుంచీ డ్రైవరు తెచ్చిచ్చిన కాగితం నేను తీసుకోను. స్టేషన్‌కి నేనే వెళ్తాను. ఆయాల విషయంలోనూ అంతే. నేను మారను.

నాంపల్లి వకీలు
మారొద్దమ్మా. పిల్లల దగ్గర పెండింగ్ కేసు కూడా లెక్కలోకి రావాల్సిందే. నా మాటల్లా ఏ కేసు, ఏ పనికి అన్నది చూడమని. గట్టు తగాదాకీ కోడింగ్‌కీ సంబంధమేంటి? చట్టం కూడా కొన్నిటిని మరచిపొమ్మంటుంది. ప్రొబేషన్ మీద, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతుతో, వదిలిపెట్టిన వాళ్లకి ఆ శిక్ష వల్ల అనర్హత అంటదని 1958 ప్రొబేషన్ చట్టంలో సెక్షన్ 12 ఉంది.

ఎడిసన్ నుంచి
నేను అమెరికాలో రిక్రూటింగ్‌లో ఉన్నాను. ఇక్కడ బయటి ఏజెన్సీ రిపోర్టు చూసి ఉద్యోగం నిరాకరించాలనుకుంటే ముందుగా ఆ రిపోర్టు కాపీ అభ్యర్థికి ఇవ్వాలి, తప్పుంటే చెప్పుకోవడానికి టైమివ్వాలి. ఫెడరల్ చట్టం ఉంది, ఎఫ్‌సీఆర్‌ఏ అంటాం. న్యూయార్క్ నగరంలోనైతే 2015 నుంచి షరతులతో ఆఫర్ ఇచ్చాకే నేర చరిత్ర అడగాలి, 2021 నుంచి పెండింగ్ కేసులకీ ఆ రక్షణ ఉంది. అక్కా, మీ తమ్ముడికి రిపోర్టు చూపించారా?

పల్నాడు అక్క
లేదండీ. అడిగితే "కాన్ఫిడెన్షియల్" అన్నారు. వాడి గురించి రాసిన కాగితం వాడికే కాన్ఫిడెన్షియలా!

హెచ్‌ఆర్ పదేళ్లు
ఇది మా వృత్తిలో నిజంగా సిగ్గుపడాల్సిన చోటు. రిపోర్టులో రంగు చూసి వదిలేస్తాం. ఎరుపుంటే ఫైలు మూసేస్తాం, సెక్షన్ చదివే తీరిక ఎవరికీ ఉండదు. అయినా పెండింగ్ కేసు అసలు అడగొద్దంటే మాత్రం ఒప్పుకోను. అడగాలి, చెప్పింది వినాలి. అక్కా, ఛార్జిషీటు కాపీ, ఆ వారం హాస్టల్ హాజరు, హాల్ టికెట్ జతచేసి హెచ్‌ఆర్ హెడ్‌కి మెయిల్ పెట్టించండి. ఫోన్లో మాట్లాడొద్దు, రాతలోనే ఉండాలి.

నాంపల్లి వకీలు
పనిలో పనిగా ఇంకోటి. 341, 323 రెండూ రాజీ పడదగ్గ సెక్షన్లే. బాబాయి గారు సరేనంటే లోక్ అదాలత్‌లో ఒక్క రోజులో తేలిపోతుంది.

పల్నాడు అక్క
బాబాయితో నాన్న మాట్లాడి మూడేళ్లయింది. ఛార్జిషీటు కాపీకి సోమవారం అప్లికేషన్ పెడుతున్నాం. హాల్ టికెట్ అమ్మ ట్రంకుపెట్టెలో దాచింది, ఫొటో తీసి పంపింది ఇప్పుడే. బాబాయి ఇంటికి ఈసారి నేనే వెళ్తాను.