షెన్‌జెన్‌లో ఫుతియెన్ స్టేషన్ – ఎవరైనా వెళ్లారా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కోఠిలో మాది మొబైల్ స్పేర్ పార్టుల షాపు. అక్టోబర్‌లో గ్వాంగ్‌జౌ ఫెయిర్‌కి వెళ్తున్నాను, తిరుగు ఫ్లైట్ హాంకాంగ్ నుంచి. మధ్యలో ఒక రోజు షెన్‌జెన్‌లో దిగి హువాచియాంగ్‌బెయ్ మార్కెట్ చూద్దామని గ్వాంగ్‌జౌ సౌత్ నుంచి ఫుతియెన్‌కి టికెట్ తీసుకున్నా. మ్యాపులో చూస్తే అక్కడ స్టేషన్ బిల్డింగే కనపడట్లేదు! అక్కడి నుంచి హాంకాంగ్ రైలు 14 నిమిషాలే అంటున్నారు. మరి ఇమిగ్రేషన్‌కి ఎంత ముందు వెళ్లాలి? చైనీస్ ఒక్క ముక్క రాదు, కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు:
బిల్డింగ్ ఉంటే కదా అన్నా కనపడటానికి! స్టేషన్ మొత్తం భూమి కిందే. 2015 డిసెంబర్ 30న తెరిచారు. కింద మూడు అంతస్తులు, రైళ్లు ఆగేది అట్టడుగున. పైన ఆఫీసు టవర్ల మధ్య దిగే మెట్లు మాత్రమే ఉంటాయి. మీ మార్కెట్‌కి బయటికి రానక్కర్లేదు, లోపలి నుంచే రెండో నంబర్ మెట్రో ఎక్కితే మూడో స్టాపు.

జాగ్రత్త పడాల్సింది పేరు దగ్గర. ‘ఫుతియెన్’ వేరు, ‘ఫుతియెన్ కౌ ఆన్’ వేరు. రెండోది హాంకాంగ్ సరిహద్దు చెక్‌పోస్టు, నాలుగో నంబర్ మెట్రో లైన్ చివర ఉంటుంది. నేను మొదటిసారి టాక్సీ అతనితో ‘ఫుతియెన్, హాంకాంగ్’ అన్నాను. పాపం అతను నా మంచికే అనుకుని చెక్‌పోస్టు దగ్గర దింపాడు. రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ మెట్రోలో వచ్చేసరికి గేటు మూసేశారు, రైలు పోయింది.

అప్పటినుంచి ఆ అక్షరాలను బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నా. ‘తియెన్’ అంటే పొలం. అక్షరం నాలుగు అద్దాల కిటికీలా ఉంటుంది, గట్లు వేసిన నాలుగు మళ్లు అనుకోండి. దాని పక్కన లోపల ఏమీ లేని ఖాళీ డబ్బా ఉంటే అది చెక్‌పోస్టు, అటు వెళ్లకండి.

ఇంకొకరు:
ఇమిగ్రేషన్ ఫుతియెన్‌లో ఉండదండీ. చైనా వాళ్లది, హాంకాంగ్ వాళ్లది రెండూ హాంకాంగ్‌లో ఈ రైలు ఆగే వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లో దిగాకే. కాబట్టి ఫ్లైట్ టైమ్ లెక్క వేసేటప్పుడు ఆ 14 నిమిషాలు చూసి మోసపోవద్దు, క్యూలకు అక్కడ టైమ్ ఉంచుకోండి. ఫుతియెన్‌లో సామాను స్కానింగ్, పాస్‌పోర్ట్ చూపడం ఉంటాయి, ఓ గంట ముందు వెళ్తే హాయి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు తీసుకోకపోతే దానితో కుస్తీ పట్టకుండా పక్కన మనిషి ఉన్న గేటుకి వెళ్లండి.

అన్నట్టు, హాంకాంగ్‌కి ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లు ముందుగా ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఫీజు లేదు. ఆ స్లిప్పు ప్రింట్ తీసి పెట్టుకోండి.

అడిగినవారు:
రిజిస్ట్రేషన్ సంగతి నాకు అస్సలు తెలియదు, బతికించారు! నా చైనా వీసా సింగిల్ ఎంట్రీ. పర్లేదా?

జవాబు:
హాంకాంగ్ వెళ్లిపోవడానికి పర్లేదు. ఏదైనా మర్చిపోయి మళ్లీ షెన్‌జెన్ రావాలంటే మాత్రం కుదరదు. కొనాల్సినవన్నీ ముందే కొనేయండి.

అడిగినవారు:
థాంక్యూ అన్నా. ఇప్పుడే చూశాను, రైలు టికెట్‌లో కిటికీ ఒక్కటే ఉంది. ఏజెంట్ బుక్ చేసిన హోటల్ అడ్రసులో మాత్రం పక్కనే ఖాళీ డబ్బా! హోటల్ మార్పిస్తున్నా.