కోపం, మోహపు చూపు, కాపురం: బల్లకు వెళ్లే ముందు నేను చేయవలసినది ఏమిటి?

ప్రశ్న:

ప్రభువు నామంలో అందరికీ వందనములు. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం (ప్రభువును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం, దీనినే మేము "బల్ల" అంటాము) జరుగుతుంది. గత నెల ఆ ముందు రాత్రి, నేను ఫోనులో చూడకూడనివి చూస్తున్న సంగతి నా భార్య కనిపెట్టి అడిగింది. తప్పు ఒప్పుకోవలసింది పోయి, మా అత్తగారు వింటుండగానే ఆమెను "బుద్ధిలేనిదానా" అని కేకలు వేశాను. మరునాడు తెల్లబట్టలు కట్టుకుని బల్లలో పాలుపొందాను. ప్రార్థనలో దేవుని ఎదుట ఒప్పుకున్నాను గనుక సరిపోతుందని అప్పుడు అనుకున్నాను గాని, మత్తయి సువార్త 5వ అధ్యాయంలో 21 నుండి 32 వరకు ఉన్న వచనాలు చదివినప్పటి నుండి మనసు నిలవడం లేదు. కోపాన్ని, మోహపు చూపును, భార్యను విడనాడటాన్ని ప్రభువు ఒకదాని వెంట ఒకటి ఎందుకు చెప్పారు? ఈ నెల నేను బల్లకు వెళ్లవచ్చునా?

జవాబు 1 (గ్రామ సంఘ కాపరి):

సహోదరుడా, మీ ప్రశ్నకు జవాబు మీరు చదివిన భాగంలోనే, 23, 24 వచనాలలో ఉన్నది. బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకొని నిలబడినవాడికి, తన మీద తన సహోదరునికి విరోధమేమైనా ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే విడిచి వెళ్లి మొదట సమాధానపడమని ప్రభువు చెప్పారు. మనకు ఎవరి మీద కోపం ఉన్నదని ఆయన అడగలేదు, మన వలన ఎవరి మనసు గాయపడినదని అడిగారు. ఆ మాటలు విన్నవారిలో చాలామంది గలిలయవారు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. గలిలయ నుండి అక్కడికి 100 కిలోమీటర్లకు పైబడిన దూరం, కాలినడకన కనీసం మూడు రోజుల ప్రయాణం. అర్పణను అక్కడ విడిచి, ఇంటికి వెళ్లి సమాధానపడి, తిరిగి రావాలంటే దాదాపు వారం పడుతుందని వారికి తెలుసు. అయినా ప్రభువు "మొదట" అన్నారు. మీకైతే వంటగదికి నాలుగు అడుగుల దూరమే.

ఇక సహోదరుని అనకూడదని 22వ వచనంలో ప్రభువు చెప్పిన "వ్యర్థుడా", "ద్రోహీ" అనే మాటల గురించి ఒక సంగతి. ఆ రెండూ ఎదుటి మనిషిని లెక్కలోనుండి తీసివేసే మాటలు. మీరు అన్న "బుద్ధిలేనిదానా" కూడా అటువంటిదే, పైగా దానిని ఆమె తల్లి ఎదుట అన్నారు. ఎవరి ఎదుట అవమానించారో వారి ఎదుటే ఒప్పుకోవడం న్యాయమని నా అభిప్రాయం. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4:26 ప్రకారం సూర్యుడు అస్తమించే లోపల తీరవలసిన కోపం మీ ఇంట్లో నెల రోజులు నిలిచి ఉన్నది.

జవాబు 2 (సండే స్కూల్ ఉపాధ్యాయుడు):

మోహపు చూపు విషయంలో చాలామంది రెండు వైపులా పొరపాటు పడుతున్నారు. కంటికి ఒక స్త్రీ అందంగా కనబడటమే పాపమనుకొని కొందరు నలిగిపోతుంటారు. చేతలు లేవు గనుక పాపమే లేదని మరికొందరు తమను తాము సమర్థించుకుంటారు. మోహపు చూపు గురించి 28వ వచనంలో ఉన్న వాక్యానికి గ్రీకు మూలంలో "ఆశించడం కోసమని చూడటం" అనే భావం ఉన్నది. అంటే చూపు దానంతట అది పడినది కాదు, మనిషి దానిని ఒక ఉద్దేశంతో నిలిపి ఉంచాడు. అక్కడి క్రియాపదమే, నిర్గమకాండము 20:17 యొక్క ప్రాచీన గ్రీకు అనువాదంలో, పొరుగువాని భార్యను ఆశింపకూడదన్న ఆజ్ఞలో కూడా కనిపిస్తుంది. వ్యభిచారం చేయకూడదన్న ఆజ్ఞను (మనలో చాలా సంఘాలు దీనిని ఏడవదిగా లెక్కిస్తాయి, లూథరన్ సంఘాలవారు, కథోలికులు ఆరవదంటారు) ప్రభువు ఆ ఆశ దగ్గరికే తీసుకువెళ్లారు. ఆయన తప్పును స్త్రీ బట్టల మీదికి గాని నడక మీదికి గాని నెట్టలేదు, చూసేవాడి కన్నునే పెరికివేయమన్నారు. యోబు తన కన్నులతో నిబంధన చేసుకున్నానని చెప్పినట్లే, మీరు కూడా రాత్రి ఫోనును పడకగది బయట పెట్టడంతో మొదలుపెట్టండి. ఇది చిన్న పని అనుకోవద్దు, ఎందుకంటే ఒంటరిగా, చీకటిలో, ఎవరికీ జవాబు చెప్పనవసరం లేని చోటనే ఈ అలవాటు పెరుగుతుంది.

జవాబు 3 (ఒక సహోదరి):

మూడింటినీ కలిపి ఎందుకు చెప్పారని అడిగారు. భార్య స్థానంలో నిలబడి చదివితే అది నాకు స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ఆమెను మాటతో తక్కువ చేస్తారు, తరువాత కన్ను మరొకచోటికి పోతుంది, చివరకు పరిత్యాగ పత్రిక (విడాకుల పత్రం) చేతిలో పెడతారు. ఆ రోజుల్లో యూదుల ధర్మశాస్త్ర బోధకులలో హిల్లేలు, షమ్మయి అనే ఇద్దరి పేరున రెండు శాఖలుండేవి. పరిత్యాగ పత్రిక గురించి చెప్పే ద్వితీయోపదేశకాండము 24:1ని హిల్లేలు శాఖవారు ఎంత విశాలంగా అర్థం చేసుకున్నారంటే, వంట మాడిపోయినా భర్త భార్యను విడిచిపెట్టవచ్చునన్నారు. షమ్మయి శాఖవారు దానిని లైంగికమైన అపవిత్రతకే పరిమితం చేశారు. అటువంటి కాలంలో, భార్యను తేలికగా బయటికి పంపే పురుషులతో, భార్యను విడనాడటం గురించిన ఈ మాట ప్రభువు చెప్పారు. దానిని ఈనాడు కొందరు దెబ్బలు తింటున్న స్త్రీకి వినిపించి, "సర్దుకుపో అమ్మా, విడాకులు పాపం" అని తిరిగి ఆ ఇంటికే పంపడం చూస్తే నాకు ఎంతో దుఃఖం కలుగుతుంది. మొదటి కొరింథీయులకు 7:11లో భర్తను ఎడబాసి ఉన్న భార్య గురించి అపొస్తలుడైన పౌలు మాట్లాడాడు గనుక, వేరుగా ఉండవలసి వచ్చే పరిస్థితి ఆయనకు తెలియనిది కాదు. 2005 నాటి గృహహింస చట్టం, మహిళల కోసం ఉన్న 181 ఫోను నంబరు సహాయం క్రైస్తవ స్త్రీలకు కూడా ఉన్నవి. వాటిని ఆశ్రయించడం అవిశ్వాసం కాదు.

మీ ఇంట్లో అటువంటి హింస ఉన్నదని నేను అనడం లేదు. అయితే మీరు క్షమాపణ అడిగిన వెంటనే ఆమె క్షమించాలని మాత్రం ఒత్తిడి చేయకండి. వెళ్లి సమాధానపడమన్న ఆజ్ఞ మీకు ఇవ్వబడినది, ఆమెకు గడువు పెట్టబడలేదు.

ప్రశ్న అడిగినవారు:

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నా భార్యతో మాట్లాడాను. ఫోను కంటె, తన తల్లి ఎదుట అన్న మాటే తనను ఎక్కువ బాధించిందని ఆమె చెప్పింది, ఆ తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. శనివారం మేమిద్దరం అత్తగారి ఊరికి వెళ్తున్నాము. ఈ ఆదివారం బల్ల విషయం ఆమెనే అడిగాను. "అమ్మతో మాట్లాడి వచ్చాక చూద్దాము" అన్నది.