టెర్రీ ఫాక్స్ రన్‌కి మన జట్టు: ఎవరెవరు ఏ పని చేస్తారో ఇక్కడ రాయండి

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. సెప్టెంబరు 20, ఆదివారం టెర్రీ ఫాక్స్ రన్, అంటే క్యాన్సర్ పరిశోధనకి విరాళాలు పోగుచేయడానికి కెనడాలో ఏటా జరిగే పరుగు. ఈసారి సంఘం తరఫున జట్టుగా వెళ్దామని మొన్న మీటింగులో అనుకున్నాం కదా. దారి, అనుమతులు, ఫస్ట్ ఎయిడ్ అన్నీ ఊళ్ళో నిర్వాహకులు చూసుకుంటారు. మనం చూసుకోవాల్సింది మనుషులు, విరాళాలు, పిల్లలు.

చవితి కమిటీ:
అన్నా, ఆ రోజే కదా నిమజ్జనం! పొద్దున్నే వంట మొదలవుతుంది. సగం మంది వాలంటీర్లు నా దగ్గరే ఉండాలి.

కార్యదర్శి:
రన్ పొద్దున తొమ్మిదికి. పదకొండున్నరకి అందరం ఖాళీ. నిమజ్జనం మూడింటికి జరిపితే రెండూ అవుతాయి. వంటవాళ్ళ జోలికి నేను రాను, ప్రామిస్.

స్పాన్సర్ల కమిటీ:
శుభవార్త. మనకు తెలిసిన రియల్టర్ గారు 80 టీషర్టులకి డబ్బిస్తానన్నారు. వెనకవైపు ఆయన ఫోటో, ఫోన్ నంబరు వేస్తే చాలట.

కార్యదర్శి:
అది మాత్రం కుదరదండీ. సంక్రాంతికి ఆయన బ్యానరు ఎంత పెద్దది కట్టినా నాకు ఇబ్బంది లేదు, ఇక్కడ వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

టెర్రీ ఫాక్స్ అనే కెనడా కుర్రాడికి 1977లో ఎముక క్యాన్సర్ వచ్చి కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. క్యాన్సర్ పరిశోధనకి డబ్బు పోగుచేయాలని 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన సెయింట్ జాన్స్‌లో అట్లాంటిక్ నీళ్ళలో కృత్రిమ కాలు ముంచి పరుగు మొదలుపెట్టాడు. రోజుకి దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజూ ఒక మారథాన్. వెనక వ్యాన్‌లో స్నేహితుడు. దేశం అటు చివర పసిఫిక్ దాకా వెళ్ళాలనుకున్నాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక, సెప్టెంబరు 1న ఒంటారియోలోని థండర్ బే దగ్గర ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు, ఇంకా 23 నిండలేదు.

ప్రకటనల్లో నటించమని వచ్చినవాళ్ళని వద్దన్నాడు. ఈ పరుగు మీద ఎవరూ లాభం చేసుకోకూడదన్నది అతని పట్టుదల. అందుకే ఇప్పటికీ ఈ రన్‌లో ప్రవేశ రుసుము లేదు, స్పాన్సర్ లోగోలు లేవు, పోటీ లేదు. కాబట్టి మన కుర్రాళ్ళు అడుగుతున్న మెడల్స్ కూడా ఉండవు.

స్పాన్సర్ల కమిటీ:
సరే, ఆయనకి నేనే సర్దిచెబుతాను. జట్టు పేజీలో మామూలు దాతగా వేయమంటాను.

కోశాధికారి:
డబ్బు దయచేసి సంఘం ఖాతాకి పంపకండి. ఈ రన్ నడిపే టెర్రీ ఫాక్స్ ఫౌండేషన్ సైట్‌లో మన జట్టు పేజీకే నేరుగా ఇవ్వండి. పోయినసారి వేరే కార్యక్రమానికి ఎవరు ఎంత పంపారో తేల్చేసరికి నాకు నెల పట్టింది. లక్ష్యం ఎంత పెడదాం?

కార్యదర్శి:
తలకో డాలరు. కెనడాలో ఒక్కొక్కరి నుంచి ఒక్కో డాలరు అన్నదే టెర్రీ లెక్క, అప్పటి జనాభా 2.4 కోట్లు. 1981 ఫిబ్రవరికల్లా అంత డబ్బూ వచ్చింది, అతను బతికుండగానే. న్యూఫౌండ్‌లాండ్‌లో పోర్ట్ ఓ బాస్క్ అనే పదివేల మంది ఊరు పదివేల డాలర్లకి పైగా ఇచ్చిందట. మన సభ్యులు, పిల్లలు, ఊరినుంచి వచ్చిన తాతలు, నానమ్మలు అందరినీ కలిపితే 640 మంది.

పిల్లల విభాగం:
మా పాపకి ఇదంతా తెలుసు, నాకే తెలియదు! బడిలో ఏటా పరిగెత్తిస్తారు, టూనీ (రెండు డాలర్ల నాణెం) తెమ్మంటారు. టెర్రీ మంచి కాలితో రెండు అడుగులు ఎందుకు వేసేవాడో కూడా చెప్పింది: కృత్రిమ కాలిలో స్ప్రింగు సర్దుకోవడానికి ఆ కాస్త సమయం కావాలట. చవితి పందిట్లో పిల్లల చేతే తెలుగులో చెప్పిద్దామా?

కార్యదర్శి:
తప్పకుండా అక్కా. ఫ్రెంచ్ రాక క్యూబెక్‌లో టెర్రీ పెద్దగా వసూలు చేయలేకపోయాడు. మన పెద్దవాళ్ళకి మన భాషలో చెబితేనే చెయ్యి జేబులోకి వెళ్తుంది.

ఆహార కమిటీ:
అరటిపళ్ళు, మంచినీళ్ళు, మజ్జిగ నావి. మజ్జిగకి ఎవరైనా పెద్ద కూలర్ అప్పివ్వండి. స్ట్రోలర్లు, వీల్‌చెయిర్లు రావచ్చు కదా? మా అత్తగారు నడుస్తానంటున్నారు, మోకాళ్ళ నొప్పులు.

కార్యదర్శి:
రావచ్చు. ఎంత దూరం వీలైతే అంతే. ఆవిడతో పాటు వెనక నడవడానికి ఇద్దరు కావాలి, పేర్లు ఇవ్వండి.

చవితి కమిటీ:
ఒకటి నాది రాసుకో అన్నా. ఇంకో మాట, ఈసారి లడ్డూ వేలంలో వచ్చింది జట్టు పేజీకి ఇద్దామా?

కోశాధికారి:
వేలానికి ముందే మైకులో ఆ సంగతి చెప్పాలి. పాట అయ్యాక చెబితే గొడవ.