జేమ్స్ టేలర్ 'గ్రేటెస్ట్ హిట్స్' లాస్‌లెస్‌లో: మూడు పాటల్లోనే ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న:
అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ 1976 నాటి సంకలనం 'గ్రేటెస్ట్ హిట్స్' యాపిల్ మ్యూజిక్‌లో లాస్‌లెస్ (శబ్దంలో ఏమీ పోగొట్టకుండా కుదించే పద్ధతి) పెట్టి వింటున్నాను. పక్కన పెట్టి పోల్చడానికి అవే పాటల 320 ఎంపీ3లు (సెకనుకి 320 కిలోబిట్లవి) ఉన్నాయి, ఆయన విడి ఆల్బమ్‌ల నుంచి చేసినవి. 12 పాటల్లో తొమ్మిదింటికి తేడా దొరకడం లేదు. 'కరోలైనా ఇన్ మై మైండ్', 'సమ్‌థింగ్ ఇన్ ద వే షి మూవ్స్', 'స్టీమ్‌రోలర్' మాత్రం పూర్తిగా వేరుగా ఉన్నాయి. ఈ మూడింటికే ఎందుకిలా? వినేది ఐఫోన్‌లో, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో.

జవాబు 1:
అది ఫార్మాట్ తేడా కాదండీ, అసలు రికార్డింగులే వేరు. మొదటి రెండూ 1968లో బీటిల్స్ వాళ్ళ యాపిల్ రికార్డ్స్ వేసిన ఆయన తొలి ఆల్బమ్‌లోవి. 1976లో వార్నర్ బ్రదర్స్ ఈ సంకలనం వేసినప్పుడు ఆ పాత రికార్డింగుల హక్కులు కుదరక, రెండు పాటలనీ మళ్ళీ స్టూడియోలో పాడించారు. పాత 'కరోలైనా'లో బేస్ గిటార్ పాల్ మెకార్ట్నీది, కొత్తదాంట్లో ఆయన లేడు. 'స్టీమ్‌రోలర్' కూడా అంతే. 1970 'స్వీట్ బేబీ జేమ్స్'లో ఉన్నది స్టూడియో పాట, సంకలనంలో ఉన్నది కచేరీలో తీసింది.

ఫార్మాట్ తేడా చూడాలంటే ఈ మూడూ వదిలేసి 'ఫైర్ అండ్ రెయిన్' పాటతో పరీక్షించండి. అందులో రస్ కంకెల్ డ్రమ్స్‌ని బ్రష్‌లతో వాయించాడు. బ్రష్ చర్మాన్ని తాకిన క్షణం, దాని వెనకే వచ్చే చిన్న గీరుడు విడివిడిగా వినపడాలి. 128 ఎంపీ3లో ఆ రెండూ కలిసిపోయి ఇసుక జల్లినట్టు ఉంటాయి. 320లో పట్టుకోవడం చాలా కష్టం, కాబట్టి మీ చెవుల్లో లోపమేమీ లేదు. పోల్చే ముందు రెండిటి వాల్యూమ్ సమం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే 'బాగుంది' అంటుంది.

జవాబు 2:
పైన చెప్పింది సరైనదే, కానీ ఇంకో సంగతి ఉంది. బ్లూటూత్‌లో మీరు వింటున్నది లాస్‌లెస్ కాదు. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 నమూనాలు × 16 బిట్లు × 2 చానెళ్ళు, సెకనుకి 1,411 కిలోబిట్లు. ఐఫోన్ దాన్ని ఏఏసీగా (ఎంపీ3లాగే కొంత శబ్దం వదిలేసే ఫార్మాట్) కుదించి హెడ్‌ఫోన్స్‌కి పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతి పెట్టుకున్నా గరిష్ఠం 990 కిలోబిట్లు, అదీ కుదింపే.

వైరు హెడ్‌ఫోన్స్ తీసుకోండి. 3.5 మిల్లీమీటర్ల జాక్‌కి యాపిల్ వాళ్ళ చిన్న అడాప్టర్ చాలు, అది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకా ఇస్తుంది. ఆపైన కావాలంటేనే విడిగా డాక్ (డిజిటల్ ఫైలుని శబ్ద సంకేతంగా మార్చే పరికరం). చాలామంది మర్చిపోయేది ఇంకొకటి: లాస్‌లెస్ ఆన్ చేయకముందు డౌన్‌లోడ్ చేసిన పాటలు ఏఏసీగానే ఉండిపోతాయి. ఆడియో క్వాలిటీలో డౌన్‌లోడ్‌కి వేరే సెట్టింగ్ ఉంటుంది. అది మార్చి, పాత ఫైళ్ళు తీసేసి, మళ్ళీ దింపుకోండి. పాట నడుస్తుండగా తెర మీద కనిపించే 'లాస్‌లెస్' గుర్తుని నొక్కితే బిట్లూ కిలోహెర్ట్జ్‌లూ చూపిస్తుంది.

జవాబు 3:
సీడీ దొరికితే అదే మేలు, ఫైలు మీ చేతిలో ఉంటుంది. కంప్యూటర్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సీడీ కాపీ ప్రోగ్రాం వేసుకుని, తప్పులు పట్టుకునే సెక్యూర్ మోడ్ పెట్టండి. మొదటిసారి యాక్యురేట్‌రిప్‌తో (ఇతరుల కాపీలతో పోల్చి చూసే డేటాబేస్) డ్రైవ్ ఆఫ్‌సెట్, అంటే డ్రైవ్ కాస్త ముందో వెనకో చదివే తేడా, సరిచేయించండి. తర్వాత 'టెస్ట్ అండ్ కాపీ'. ప్రతి పాటనీ రెండుసార్లు చదివి, సరిచూసే సంఖ్యలు (సీఆర్‌సీ) రెండు ఇస్తుంది, రెండూ ఒకటైతేనే నమ్మండి. కలవకపోతే డిస్కుని మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచి మళ్ళీ చదివించండి. గుండ్రంగా తుడవకండి. ఆ గీత పడితే ట్రాక్ వెంటే సాగి, దిద్దుబాటుకి కూడా అందదు.

ఫైలుని ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫార్మాట్‌లో దాచుకోండి. కుదింపు లెవెల్ 5 అయినా 8 అయినా శబ్దం ఒకటే, సైజులోనే కాస్త తేడా. విప్పిన వేవ్ ఫైలు నిమిషానికి 10.6 ఎంబీ, ఇలాంటి గిటార్ పాటలు ఫ్లాక్‌లో దాదాపు సగానికి వస్తాయి. ఉన్న ఎంపీ3లని ఫ్లాక్‌గా మార్చే పని మాత్రం పెట్టుకోకండి. నీళ్ళు కలిసిన పాలు గిన్నె మారిస్తే చిక్కబడవు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. 'కరోలైనా' రెండు రికార్డింగులూ వరసగా పెట్టి విన్నాను, ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. మరి 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ (హైరెస్) ఫైళ్ళు కొనడం అవసరమా?

జవాబు 1:
అవసరం లేదు. 16 బిట్ దగ్గర అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా దాదాపు 96 డెసిబెళ్ళ వ్యాప్తి ఉంది. ఆనాటి అనలాగ్ టేపు హిస్ దానికన్నా పైనే ఉంటుంది, అంటే అదనపు బిట్లలో ఎక్కువగా నింపేది ఆ బుసనే. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు 22 కిలోహెర్ట్జ్ శబ్దం దాకా చేరుతుంది, పెద్దవాళ్ళ చెవికి 20 దాటదు. కొత్త రీమాస్టర్ వేరుగా వినిపిస్తే కారణం మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసే పని. డబ్బు పెట్టేముందు ఏ సంవత్సరం మాస్టరో చూడండి.

తేల్చుకోవాలంటే ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ కాంపొనెంట్ (వినిపించేది ఏ ఫైలో చెప్పకుండా పరీక్ష పెట్టేది) వేయండి. హైరెస్ ఫైలునే 16/44.1కి కుదించి, ఆ రెండిటినీ పెట్టండి, వేర్వేరు మాస్టర్లు కాదు. రీప్లేగెయిన్‌తో వాల్యూమ్ సమం చేసి, వింటున్నది ఏ ఫైలో 16 సార్లు ఊహించండి. 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరైతే మీకు నిజంగా తేడా తెలుస్తున్నట్టే, గుడ్డిగా నొక్కితే అన్ని కలిసొచ్చే అవకాశం 4 శాతం లోపే. మధ్యమధ్యలో చెవులకి విరామం ఇవ్వండి, వరసగా వింటే పదో ప్రయత్నానికే అలిసిపోతాయి.