బల్లార్షా చంద్రపూర్ శివారేనా?

ఇరయి గట్టు:
పోయిన వారం ఇక్కడే ఒకరు “చంద్రపూర్ శివారు బల్లార్షా” అని రాస్తే ఆ ఊరివాళ్లు విరుచుకుపడ్డారు. అందులో తప్పేముంది? మహారాష్ట్రలోని ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 15 కిలోమీటర్లు. కలెక్టరు కచేరి మా చంద్రపూర్‌లోనే, పెద్దాసుపత్రి మా దగ్గరే. 2011 జనగణనలో మేము 3 లక్షల 20 వేలు, మీరు 90 వేల లోపు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్య సూచీలో చంద్రపూర్‌కు 83.88 మార్కులు వేసి దేశంలో అత్యంత కలుషిత ప్రాంతాల్లో నాలుగో స్థానం కట్టబెట్టినప్పుడు కూడా బల్లార్పూర్‌ను (అంటే బల్లార్షానే), పక్కనున్న ఘుగ్గూస్‌ను మాతో కలిపే లెక్కగట్టింది. ఒకే పొగ పీలుస్తూ వేరు కాపురం ఏమిటి?

వర్ధా ఒడ్డు:
గట్టు గారూ, ముందు పుట్టింది ఎవరో చూసుకుందాం. గోండు రాజుల వంశకథ ప్రకారం ఖాండ్క్యా బల్లాల్ షా సిర్పూరు వదిలి వచ్చి వర్ధా నది ఒడ్డున కోట కట్టుకున్నాడు. అదే మా ఊరు బల్లార్షా. చంద్రపూర్ కోట ఆలోచన ఆ తరువాతి మాట. కుందేలు కుక్కను తరిమిన చోట ఆ కోట కట్టారన్న కథ మీకూ తెలిసిందే. మా ఊరి నుంచి రాజధాని మీ ఊరికి వచ్చింది. తల్లిని పట్టుకుని శివారు అంటారా?

బొగ్గు పెళ్ల:
ఇద్దరూ ఒక్కమాట వినండి. రాజధాని తరలిపోయాక కోట మిగిలింది, ఊరు మిగల్లేదు. నేటి బల్లార్షాను గోండు రాజులు కట్టలేదు. 20వ శతాబ్దం మొదట్లో తవ్విన బొగ్గు, ఆ తరువాత రైలు, ఆ తరువాత కాగితం మిల్లు కట్టాయి. కోట గోడలు చూపించి పౌరుషం తెచ్చుకోవడం తేలికే, ఆ గోడల పక్కన ఎవరు ఏ పని చేసి బతికారో చెప్పండి.

వర్ధా ఒడ్డు:
చెబుతాను, అది నా వాదనకే బలం. 1929లో కాజీపేట నుంచి నిజాం రైల్వే లైను వచ్చి బల్లార్షాలో కలిసింది. అటు వర్ధా పట్టణం నుంచి జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే అప్పటికే ఇక్కడ దాకా ఉంది. ఢిల్లీకి, మద్రాసుకూ మధ్య నేరు దారి తెరుచుకున్నది అప్పుడే, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ ఏడే. ఇవాళ్టికీ మధ్య రైల్వే ఇక్కడితో ముగిసి దక్షిణ మధ్య రైల్వే మొదలవుతుంది. రెండు రైల్వేలు కలిసే చోటును ఎవరూ శివారు అనరు.

ఇక మనుషుల మాట. నది దాటితే రాజురా. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఆ తరువాత నాందేడ్‌కు, 1959లో చాందా (నేటి చంద్రపూర్) జిల్లాకు మారింది. అంటే వర్ధా అవతలి ఒడ్డు మొన్నమొన్నటి దాకా మన తెలుగువాళ్ల జిల్లాయే. గనులకూ మిల్లుకూ మనవాళ్లు వచ్చింది చంద్రపూర్ మీదుగా కాదు, మాణిక్‌గఢ్, విరూరు, సిర్పూరు స్టేషన్ల మీదుగా. మా ఊరు దక్షిణానికి తిరిగి కూర్చుంది.

కాగితం కాలనీ:
మిల్లు సంగతి ఎవరూ వివరంగా ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. బల్లార్పూర్ పేపర్ అండ్ స్ట్రాబోర్డ్ మిల్స్ కంపెనీ 1945లో పుట్టింది. దీన్ని చంద్రపూర్‌లో ఎందుకు పెట్టలేదు? కాగితానికి నీళ్లు బోలెడు కావాలి, వర్ధా పక్కనే ఉంది. వెదురు కావాలి, చాందా అడవుల నుంచి వచ్చేది. 1982లో గడ్చిరోలి విడిపోక ముందు ఆ అడవులన్నీ ఒకే జిల్లా. బాయిలర్లకు బొగ్గు కాళ్ల కిందే ఉంది. సరుకు పంపడానికి రైలు. ఈ నాలుగూ కుదిరిన చోటు ఇది.

ఇదే లైనులో దక్షిణంగా వెళ్తే కాగజ్‌నగర్. అక్కడ సిర్పూర్ పేపర్ మిల్లు 1938 నాటిది. గోండు రాజులు సిర్పూరు నుంచి బల్లార్షాకు వచ్చిన దారిలోనే కాగితం పరిశ్రమ కూడా వచ్చిందన్నమాట. కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం సరదాగా ఉంటుంది. చుట్టరికం కలుపుకోవాలంటే మా ఊరికి కాగజ్‌నగర్ దగ్గర, చంద్రపూర్ కాదు.

ఇరయి గట్టు:
చుట్టరికాలు బాగున్నాయి. జీతం రాళ్లు ఖర్చుపెట్టేది మాత్రం మా బజారులో. 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం దుర్గాపూర్‌లో, మా పక్కనే ఉంది. పరిశ్రమకు కేంద్రం ఏదో దాన్నిబట్టే తెలియడం లేదా?

బొగ్గు పెళ్ల:
గట్టు గారూ, ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. శివారు చూడాలంటే ఊర్జానగర్ చూడండి. థర్మల్ కేంద్రం కట్టారు కాబట్టి ఆ కాలనీ ఉంది. సిబ్బంది మారితే ఊరే మారిపోతుంది. బల్లార్పూర్‌కు సొంత పురపాలక సంఘం ఉంది, తాలూకా ఉంది. అయితే వర్ధా ఒడ్డు గారికీ ఒక ప్రశ్న. 2011లో చంద్రపూర్ కార్పొరేషన్ అయింది. రేపు మీ ఊరినీ అందులో కలుపుతామంటే ఏమంటారు?

వర్ధా ఒడ్డు:
వద్దంటాను. మా వీధి మురుగుకాలువ పూడికకు 15 కిలోమీటర్లు వెళ్లి అర్జీ పెట్టుకోవడం ఎందుకు? కాలుష్యం లెక్క మాత్రం కలిపే వేయాలి, అందులో గట్టు గారితో నాకు పేచీ లేదు.