హైబర్నేట్ చేస్తే ల్యాప్‌టాప్ మధ్యలోనే బిగుసుకుపోతోంది: డ్రైవర్ లోపమా, డిస్కు లోపమా?

అనంతపురంలో వ్యాపారుల జీఎస్టీ లెక్కలు రాసే పని నాది. కరెంటు పోయినా తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే ఉండాలని షట్‌డౌన్‌కు బదులు హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్కులో దాచి యంత్రాన్ని ఆపడం) వాడతాను. కొన్ని వారాలుగా అదే ప్రాణం తీస్తోంది.

విండోస్ 11, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ డిస్కు. హైబర్నేట్ నొక్కగానే తెర నల్లబడుతుంది, ఫ్యాను, పవర్ లైటు మాత్రం ఆగవు. బటన్ నొక్కిపట్టి ఆపి మళ్లీ వేస్తే మొదటినుంచి మొదలవుతుంది. సేవ్ చేయని పని గల్లంతు. నీలి తెర రాదు, క్రాష్ వివరాలు రాసే మినీడంప్ ఫైలూ పడదు. విండోస్ చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే నమోదు ఉంటుంది. సరిగా ఆగకుండానే మళ్లీ మొదలైందని చెప్పడమే తప్ప, ఎందుకో అది చెప్పదు. స్లీప్, రీస్టార్ట్ చక్కగా పనిచేస్తున్నాయి.

హైబర్నేషన్ ఆపి, మళ్లీ ఆన్ చేసి దాని ఫైలును కొత్తగా పుట్టించాను. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను (అదీ ఈ ఫైలునే వాడుతుంది కదా). ర్యామ్ పరీక్షలో తప్పులేమీ రాలేదు. సీ డ్రైవు సగం ఖాళీ. మా ఊరి ఎండ వేడి అనుకుందామంటే తెల్లవారుజామునా ఇదే వరస.

ఒక్క ఆధారం: యూఎస్‌బీ హబ్ పీకేస్తే ఒక్కోసారి సవ్యంగా ఆగుతుంది. ఆ ‘ఒక్కోసారి’తోనే చిక్కు.

ఏ డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అడ్డుపడుతోందో కచ్చితంగా పట్టుకునే దారి ఉందా? రోజూ పనిచేసే యంత్రం మీద డ్రైవర్లను ఒత్తిడి పెట్టి పరీక్షించే డ్రైవర్ వెరిఫయర్ నడపడం క్షేమమేనా? బయాస్ (బోర్డు మీది మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా వచ్చి ఉంది కానీ బ్యాటరీ బలహీనం, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుందని భయం. రిపేరు షాపువాళ్లు విండోస్ కొత్తగా వేద్దామంటున్నారు. వాళ్లకు అన్ని రోగాలకూ అదే మందు. ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాక ఇలాంటిది కుదురుకున్నవారు ఉంటే చెప్పగలరు.