స్టెంట్ పడ్డాక పరుగెత్తవచ్చా, నడకతో సరిపెట్టుకోవాలా?

మెట్లదారి:
నా వయసు 56. ఎనిమిది నెలల కిందట గుండె రక్తనాళంలో ఒక స్టెంట్ వేశారు. రోజూ 40 నిమిషాలు నడుస్తున్నాను, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం గానీ ఆయాసం గానీ లేదు. మళ్ళీ మెల్లగా పరుగు మొదలుపెట్టాలని ఉంది. ఇంట్లోవాళ్ళు మాత్రం నేను బూట్లు వేసుకుంటేనే కంగారు పడుతున్నారు. మీరేమంటారు?

నిదానం:
వద్దండీ. స్టెంట్ ఒక చోట ఉన్న అడ్డు తీసింది, అంతే. మిగతా రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే జబ్బు ఎక్కడికీ పోలేదు. అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా గట్టి శ్రమ పెడితే ఆ కాసేపు గుండెపోటు ముప్పు పెరుగుతుంది. ఈ వయసులో ఏ పతకం కోసం?

పరుగుపిచ్చి:
నిదానం గారూ, 'అలవాటు లేని', 'ఒక్కసారిగా' అని మీరే అన్నారు. ఆయనకు ఎనిమిది నెలల అలవాటు ఉంది. ఒకప్పుడు గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో లెవిన్, లౌన్ అనే డాక్టర్లు రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టడమే సాహసం అనిపించుకుంది! 2004లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనం చూడండి. జబ్బు నిలకడగా ఉన్న 101 మంది మగవాళ్ళలో కొందరికి స్టెంట్ వేశారు, మిగతావాళ్ళ చేత రోజూ 20 నిమిషాలు సైకిల్ తొక్కించారు. ఏడాదిలో గుండెకు సంబంధించి కొత్త సమస్య రానివాళ్ళు సైకిల్ వైపు 88 శాతం, స్టెంట్ వైపు 70.

నిదానం:
101 మందితో తేలిపోతుందా? పైగా వాళ్ళకు మొదటి రెండు వారాలు ఆసుపత్రిలోనే సైకిల్ తొక్కించారు, గుండె వేగం ఎంత వరకు పోవచ్చో ముందే కొలిచి మరీ. ఎవరంతట వాళ్ళు రోడ్డెక్కలేదు.

పరుగుపిచ్చి:
సరే, కొలత ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను.

రెండుస్టెంట్లు:
ఆ కొలతలోనే నేను బోల్తా పడ్డాను. 220లోంచి వయసు తీసేస్తే గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోవచ్చో వస్తుందంటారు కదా, వాచీలో ఆ అంకె వచ్చేదాకా పరుగెత్తాలని చూశాను. ఎంత రొప్పినా 115 దాటదు. తర్వాత తెలిసింది, నేను వేసుకునే బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని పట్టి ఉంచుతుందని. ఆ మాత్ర మీద ఉన్నవాళ్ళకు ఈ లెక్క పనికిరాదు. పక్కవాళ్ళతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత వేగమే ఇప్పుడు నా హద్దు. ఆపేటప్పుడు కూడా టక్కున ఆగను, పది నిమిషాలు నడుస్తాను. లేకపోతే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

మెట్లదారి గారూ, ముందు ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకోండి. వ్యాయామం హద్దు తెలుసుకోవడానికే అయితే రోజువారీ మాత్రలు వేసుకునే చేయాలి, ఆ సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడండి. పరుగులో ఛాతీ బరువెక్కితే వెంటనే ఆగాలి. ఆగినా తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి, 'గ్యాస్ అయ్యుంటుంది' అనుకుంటూ కూర్చోకూడదు.

మెట్లదారి:
నాదీ బీటా బ్లాకరే! వాచీ చూసుకుని ఇంకా వేగం పెంచొచ్చు అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. వచ్చే వారం టెస్టుకు వెళ్తాను. మా ఆవిడను కూడా తీసుకెళ్తాను, ఎంత వేగం వరకు పర్వాలేదో డాక్టర్ నోటితోనే వింటుంది.